అడగండి, చెబుతాం: సీమ ఎండలో హెలికాప్టర్ ఎంత మోస్తుంది?

వరదకూ అడవి మంటకూ వచ్చే పెద్ద హెలికాప్టర్ గురించి కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. మన వాయుసేన ఈ పనులకు ఎక్కువగా వాడేది రష్యాలో తయారైన ఎంఐ-17వి5. అందుకే ఇక్కడి కొలతలన్నీ దానివే. వేరే రకం ప్రస్తావన వచ్చినచోట పేరు చెప్పాం.

ప్రశ్న: మీడియం లిఫ్ట్, మల్టీ రోల్ అని పేపర్లలో రాస్తుంటారు. ఎంత బరువుంటే మీడియం అంటారు? (రైల్వే ఉద్యోగి, గుంతకల్లు)

జవాబు: గీత గీసినట్టు హద్దేమీ లేదు. సరుకు, ఇంధనం, మనుషులు అన్నీ కలిపి లేచేటప్పుడు 8 నుంచి 15 టన్నుల దాకా తూగేవాటిని వాడుకలో మీడియం అంటున్నారు. మన ధ్రువ్ 5.5 టన్నులది, కాబట్టి దీనికంటే కింది తరగతి. చినూక్ 22 టన్నులు దాటుతుంది, అది భారీ తరగతి. మధ్యలో బ్లాక్ హాక్ దాదాపు 10 టన్నులు, ఎన్‌హెచ్-90 10.6 టన్నులు, ఎంఐ-17వి5 13 టన్నులు. ఎంఐ-17ల స్థానంలోకి తేవాలని బెంగళూరు హెచ్‌ఏఎల్ రూపకల్పన చేస్తున్న ఐఎంఆర్‌హెచ్ (ఇండియన్ మల్టీ రోల్ హెలికాప్టర్) కూడా 13 టన్నుల తరగతిదే.

మల్టీ రోల్ అన్న మాటకు అర్థం లోపలి గదిలో ఉంది. ఎంఐ-17 గది పొడవు 5.3 మీటర్లు, వెడల్పు 2.3, ఎత్తు 1.8. గోడల వెంట ఉన్న మడత సీట్లు దించితే 36 మంది దాకా జవాన్లు కూర్చుంటారు. సీట్లు మడిచి కొక్కేలు తగిలిస్తే 12 స్ట్రెచర్లు పడతాయి. అన్నీ తీసేస్తే సరుకు గది. వి5 రకానికి వెనక లారీ తొట్టి తలుపులా కిందికి దిగే ర్యాంపు ఉంటుంది కాబట్టి చిన్న వాహనాన్ని నేరుగా లోపలికి నడిపించవచ్చు. కింద కొక్కెం ఉంటే వేలాడే బరువు, తలుపు దగ్గర వించి (తీగ దించి మనుషులను పైకి లాగే యంత్రం) ఉంటే వరద పని. యంత్రం అదే, అమరిక మారుతుంది.

ప్రశ్న: మా బండి పాసింగ్ ఎంతో అంత లోడు జనవరిలోనైనా మేలోనైనా ఒకటే. హెలికాప్టర్‌కి 4 టన్నులు అని రాసి, ఎండాకాలం అంతకంటే చాలా తక్కువ ఎక్కిస్తారట. ఎందుకు? (లారీ యజమాని, తాడిపత్రి)

జవాబు: మీ లారీని మోసేది రోడ్డు. హెలికాప్టర్‌ని మోసేది గాలి, ఆ గాలి బరువు రోజూ ఒకేలా ఉండదు. ఈ నెల వచ్చిన ప్రశ్నలన్నిటిలో మూలమైనది ఇదే కాబట్టి కొంచెం లెక్క వేద్దాం.

అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలున్నప్పుడు అక్కడ ఒక ఘనపు మీటరు గాలి 1.18 కిలోలు తూగుతుంది. మే మధ్యాహ్నం 42 డిగ్రీలకు అదే ఘనపు మీటరు 1.08 కిలోలకు పడిపోతుంది. పైలట్లు దీన్ని ఎత్తులోకి మార్చి చూస్తారు. ఆ ఎత్తులో ప్రామాణికంగా ఉండాల్సింది దాదాపు 13 డిగ్రీలు. 42కు తేడా 29. ఒక్కో డిగ్రీ ఎక్కువ వేడికి గాలి 36 మీటర్లు పైకి పోయినంత పలచనవుతుంది, ఆ చొప్పున 1,044 మీటర్లు, దానికి 335 కలిపితే దాదాపు 1,380 మీటర్లు. అంటే చక్రాలు అనంతపురం నేల మీదే ఉన్నా, రెక్కలకు మాత్రం హార్స్‌లీ హిల్స్ కొన మీద నిలబడినదానికంటే పలచటి గాలే దొరుకుతుంది.

పలచటి గాలి రెండు వైపులా దెబ్బ కొడుతుంది. రెక్క అంతే బరువు ఎత్తాలంటే వాలు పెంచాలి, దానికి ఎక్కువ శక్తి కావాలి. అదే సమయంలో ఇంజను పీల్చే గాలి కూడా పలచనై, వేడిగా ఉంటుంది కాబట్టి లోపలి టర్బైను ఉష్ణోగ్రత హద్దు ముందే వచ్చేస్తుంది. అవసరం పెరుగుతున్న వేళే సరఫరా తగ్గుతుంది, ఎండాకాలం మన కరెంటు లాగా.

ఇప్పుడు బరువులు. గరిష్ఠం 13,000 కిలోలు. ఖాళీ యంత్రం సుమారు 7,500. సిబ్బంది ఐదుగురు, సామాను 450. ఇంధనం గంటకు 600 నుంచి 700 కిలోలు తాగుతుంది. రెండు గంటల ప్రయాణానికి, మీద అరగంట నిల్వకు 1,600 పైచిలుకు. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 3,400 చిల్లర. అంటే ఎండ సంగతి ఎత్తకముందే 4 టన్నుల్లో 600 కిలోలు ఇంధనానికే పోయాయి. ఆనాటి వేడికి ఎంత తగ్గించాలో యంత్రంతో వచ్చే చార్టు చెబుతుంది. ఒక టన్ను తగ్గించాల్సి వచ్చిందనుకోండి, మిగిలేవి 2,400 కిలోలు. అంటే 25 కిలోల బియ్యం సంచులు 96.

ఈ నష్టంలో కొంత తిరిగి రాబట్టే మార్గాలు రెండున్నాయి. ఒకటి, తెల్లవారగానే పని మొదలుపెట్టడం. రెండోది, చక్రాలున్న హెలికాప్టర్ కాబట్టి ఓర్వకల్లులోనో పుట్టపర్తిలోనో రన్‌వే మీద కాస్త పరుగు తీసి లేవడం. గంటకు 30, 40 కిలోమీటర్ల వేగం అందుకోగానే రెక్కల్లోకి కొత్త గాలి చొరబడి, అదే శక్తికి ఎక్కువ బరువు లేస్తుంది. కానీ దిగాల్సింది ఇరుకైన బడి ఆవరణలో అయితే ఆ లాభం అక్కడ పనికిరాదు. అక్కడ నిట్టనిలువుగా నిలిచి దిగాలి, మళ్లీ అలాగే లేవాలి. అందుకే బరువును బయల్దేరే చోటును బట్టి కాక, ఆ దారిలో అన్నిటికంటే కష్టమైన చోటును బట్టి నిర్ణయిస్తారు.

ప్రశ్న: పైన అంత పెద్ద ఫ్యాను ఉండగా తోక చివర చిన్న ఫ్యాను ఎందుకు? (ఇంటర్ విద్యార్థిని, ధర్మవరం)

జవాబు: బోరులో మోటారు స్టార్టు చేసినప్పుడు పైపు ఒక్కసారి అదరడం చూసే ఉంటావమ్మా. లోపల ఇరుసు ఒకవైపు తిరిగితే మోటారు ఒళ్లు రెండోవైపు తిరగబోతుంది. బోరులో దాన్ని పైపూ బిగింపులూ ఆపుతాయి. గాలిలో హెలికాప్టర్‌ని పట్టుకునేది ఏదీ లేదు. ఎంఐ-17 పెద్ద రోటర్, అంటే నువ్వడిగిన పెద్ద ఫ్యాను, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరుగుతుంది, కాబట్టి ఒళ్లు అపసవ్యంగా తిరగబోతుంది. తోక రోటర్ పక్కకు నెట్టి దాన్ని ఆపుతుంది. ఒకేచోట నిలిచినప్పుడు ఇంజన్ల శక్తిలో పదో వంతు దాకా దీనికే ఖర్చు. పైలట్ కాళ్ల కింద ఉండే పెడళ్లు దీని రెక్కల వాలును మారుస్తాయి.

పెద్ద రోటర్ వ్యాసం 21.25 మీటర్లు. నిమిషానికి 192 చుట్లు మాత్రమే తిరుగుతుంది, అయినా రెక్క కొన వేగం గంటకు దాదాపు 770 కిలోమీటర్లు. హెలికాప్టర్ 250తో ముందుకు పోతుంటే ముందుకు వచ్చే రెక్క కొన 1,020తో, వెనక్కి పోయే రెక్క కొన 520తో గాలిని కోస్తాయి. వెనక్కి పోయే రెక్క పట్టు తప్పుతుంది కాబట్టే హెలికాప్టర్లు విమానాలంత వేగం పోలేవు.

ప్రశ్న: వరదొస్తే మా ఊరికి హెలికాప్టర్ రావాలంటే దిగే చోటు ఎలా తయారు చేయాలి? ఎంత స్థలం కావాలి? (పంచాయతీ కార్యదర్శి, నందికొట్కూరు దగ్గర)

జవాబు: మీరు ముందే అడగడం చాలా మంచిదైంది. వాన పడుతున్న రాత్రి వెతికితే దొరికే చోటు కాదిది.

50 మీటర్లు పొడవు, 50 వెడల్పు, అంటే దాదాపు 62 సెంట్ల నేల చూడండి. రెక్కలు తిరుగుతుండగా ముక్కు నుంచి తోక దాకా ఎంఐ-17 పొడవే 25 మీటర్లు పైన. ముందూ వెనకా కలిపి మరో అంత ఖాళీ ఉంటేనే పైలట్ ధైర్యంగా దించుతాడు. వాలు నూరడుగులకు రెండు మూడు అడుగులు మించకూడదు.

నేల విషయంలో మన దగ్గర అసలు చిక్కు నల్లరేగడి. 13 టన్నుల బరువులో ఎక్కువ భాగం రెండు వెనక చక్రాల మీదే పడుతుంది. వాన తాగిన రేగడిలో ఒక చక్రం దిగబడి రెండోది గట్టిగా నిలిచిందంటే, లేవబోయేటప్పుడు దిగబడిన చక్రమే కీలు అయిపోయి యంత్రం పక్కకు బోర్లా పడుతుంది. పైలట్‌కి సరిదిద్దుకునే సమయం ఉండదు. గరుసు నేల, ఎర్ర నేల, బడి మైదానం, కంకర పరిచిన సంత స్థలం, వీటిలో ఏదైనా ఎంచుకోండి. ఊళ్లో అన్నీ చేలే అయితే గట్టిగా ఉన్న కల్లం మంచిది.

ఎండాకాలమైతే దుమ్ము. చక్రాలు నేలకు దగ్గరవుతుండగా లేచే దుమ్ములో పైలట్‌కి నేలే కనబడదు. రెండు గంటల ముందు చదరపు మీటరుకు రెండు లీటర్ల చొప్పున చల్లితే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి సరిపోతుంది. చుట్టూ మరో ట్యాంకరు చల్లితే ఇంకా మేలు. దిగే ముందు హడావిడిగా పోస్తే బురదవుతుంది, అందుకే ముందే చల్లి పైపొర బిగుసుకోనివ్వాలి.

మధ్యలో ముగ్గుపిండితో పెద్ద హెచ్ అక్షరం గీయండి. గాలి ఎటు వీస్తుందో తెలియడానికి మైదానం అంచున, దూరంగా, కర్రకు గుడ్డ గట్టిగా కట్టండి. గాలికి వీపు పెట్టి, చేతులు చాచి నిలబడి చూపించే మనిషి ఒకడుంటే అంతకంటే మంచి సూచన లేదు. ఆ మనిషి టోపీ, కండువా తీసేయాలి.

అన్నిటికంటే ప్రమాదం 11 కేవీ తీగలు. పైనుంచి చూస్తే తీగ కనబడదు, స్తంభాలే కనబడతాయి. తీగ ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో మండల కార్యాలయం ద్వారా ముందే చెప్పండి. చోటు చెప్పేటప్పుడు ఊరి పేరు చాలదు. ఫోనులో అక్షాంశం, రేఖాంశం తీసి దశాంశ బిందువు తర్వాత ఐదు అంకెల దాకా రాసి పంపితే మీటరు తేడాలో చోటు తెలుస్తుంది.

నిండు బరువుతో నిలిచిన ఎంఐ-17 కిందికి నెట్టే గాలి గంటకు 90 కిలోమీటర్ల దాకా ఉంటుందని లెక్క. రేకుల కప్పులు, టార్పాలిన్లు, బుడ్డల కట్టె వాములు, గడ్డివాములు 100 మీటర్ల లోపల ఉండకూడదు. ఎగిరిన ప్లాస్టిక్ పట్ట తోక రోటర్‌కి చుట్టుకుంటే ఎంత నష్టమో పై ప్రశ్న చదివినవాళ్లకు అర్థమై ఉంటుంది. జనాన్నీ అంతే దూరంలో ఆపండి. రెక్కలు తిరుగుతుండగా ఎవరూ సొంతంగా దగ్గరికి పోకూడదు. సిబ్బంది పిలిచాక పైలట్‌కి కనబడేలా ముందు నుంచి, వంగి వెళ్లాలి. నేల వాలుగా ఉంటే పై వైపు నుంచి అసలు పోవద్దు, అటు రెక్కకూ తలకూ మధ్య ఎడం తక్కువ.

ప్రశ్న: తిరునాళ్లలో రథం మీద పూలు చల్లడానికి ఇలాంటి పెద్దది తెప్పించుకోవచ్చా? (ఆలయ కమిటీ సభ్యుడు, ప్రొద్దుటూరు)

జవాబు: వద్దండి. పై జవాబులోని గాలి లెక్క చూడండి. పందిరి మిగలదు, జనంలో తొక్కిసలాట జరుగుతుంది. పూలు కూడా రథం మీద పడవు.

ప్రశ్న: ఇంజను ఆగితే హెలికాప్టర్ రాయిలా పడిపోతుందా? 2009లో నల్లమలలో కూలినదానికి కూడా రెండు ఇంజన్లున్నాయి కదా? (ఉపాధ్యాయుడు, ఆత్మకూరు)

జవాబు: ఒక ఇంజను ఆగితే రెండోది వెంటనే అత్యవసర శక్తికి పెరుగుతుంది. రెండూ ఒకే గేర్‌బాక్సును తిప్పుతాయి కాబట్టి రోటర్ ఆగదు. రెండూ ఆగినా రాయిలా పడదు. రామగిరి కొండల మీద గాలిమరలను చూడండి, వాటిని గాలే తిప్పుతుంది. హెలికాప్టర్ కిందికి జారుతుంటే కింది నుంచి వచ్చే గాలి రోటర్‌ని అలాగే తిప్పుతూ ఉంటుంది. ఇంజనుకీ రోటర్‌కీ మధ్య సైకిల్ ఫ్రీవీలు లాంటి క్లచ్ ఉంటుంది కాబట్టి ఆగిన ఇంజను దాన్ని పట్టి ఉంచదు. పైలట్ చేయాల్సింది ఎడమ చేతి లివరును వెంటనే దించి రెక్కల వాలు తగ్గించడం. ఆలస్యమైతే రోటర్ వేగం పడిపోతుంది, మళ్లీ పుంజుకోవడం కష్టం. నేల దగ్గరపడ్డాక వాలు ఒక్కసారిగా పెంచి, రోటర్‌లో దాచుకున్న తిరుగుడు శక్తితో మెల్లగా దించుతారు. తగినంత ఎత్తు గానీ వేగం గానీ లేకపోతే ఇది కుదరదు. తక్కువ ఎత్తులో కదలకుండా నిలిచి వించి పని చేసేటప్పుడు రెండో ఇంజనే దిక్కు.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు, మరో నలుగురు ప్రాణాలు కోల్పోయిన హెలికాప్టర్ బెల్ 430. దాదాపు 4.2 టన్నుల తరగతి, రెండు ఇంజన్లది. గేర్‌బాక్సు నూనె హెచ్చరికను సరిచూసుకోవడంలో సిబ్బంది దృష్టి మళ్లిందని, దట్టమైన వర్షమేఘాల మధ్య తామెక్కడ, ఎంత ఎత్తులో ఉన్నామన్న స్పృహ తప్పిందని విచారణలో తేలింది. రెండో ఇంజను ఇంజను వైఫల్యానికి మందు. మేఘానికీ కొండకూ అది మందు కాదు. వాటికి వాతావరణ రాడార్, ముందున్న నేల ఎత్తును లెక్కగట్టి హెచ్చరించే పరికరం, చేతులు వదిలినా ఎత్తునూ దిశనూ నిలిపే ఆటోపైలట్ కావాలి. కొత్త మీడియం హెలికాప్టర్లలో ఇవి ఉంటున్నాయి. అయినా నల్లమల మీద నల్లమబ్బు పట్టినప్పుడు వెనక్కి తిరగడం కంటే పెద్ద రక్షణ లేదు.

ప్రశ్న: అడవి అంటుకుంటే హెలికాప్టర్ నీళ్లు నిజంగా ఆర్పుతాయా? (అటవీ బేస్ క్యాంపు సిబ్బంది, నల్లమల)

జవాబు: ఆర్పడం కంటే అడ్డుకోవడానికి ఎక్కువ పనికొస్తాయి. కింద తాడుతో వేలాడే బకెట్‌లో 3,500 లీటర్లు పడతాయనుకోండి. నీళ్లు మంటకు 10 కిలోమీటర్ల దూరంలో ఉంటే, బకెట్ ఊగకుండా 130 కిలోమీటర్ల వేగంతో పోవాలి కాబట్టి వెళ్లడానికి, రావడానికి, నింపుకోవడానికి కలిపి 12 నిమిషాలు. గంటకు ఐదు తడవలు, 17,500 లీటర్లు. అదే నీళ్లు 3 కిలోమీటర్లలో దొరికితే తడవకు 6 నిమిషాలే, పని దాదాపు రెట్టింపు. అందుకే దగ్గరలో లోతైన కుంట ఎక్కడుందో తెలిసిన మీలాంటివాళ్ల మాటకు అంత విలువ. బకెట్ మునగడానికి రెండు మూడు మీటర్ల లోతు, చుట్టూ చెట్లు లేని ఒడ్డు కావాలి.

మరీ కిందికి వస్తే రెక్కల గాలే మంటను రాజేస్తుంది. మంట నెత్తిన కాకుండా అది పోయే దారికి అడ్డంగా ఎండుటాకులను తడిపి, వెనకాలే మనుషులు వచ్చి గీత తవ్వితేనే ఫలితం. 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు వాయుసేన హెలికాప్టర్లు బకెట్లతో నీళ్లు చల్లుతుంటే నేల మీద సిబ్బంది కూడా పోరాడారు.

ప్రశ్న: గేర్‌బాక్సులో పళ్లు అరుగుతుంటే విప్పకుండా ఎలా తెలుసుకుంటారు? రెక్క లోపలి పగులు సంగతేంటి? (ట్రాక్టర్ మెకానిక్, మైదుకూరు)

జవాబు: మీ చేతి పని తెలిసిన ప్రశ్న. ఇంజను నుంచి నిమిషానికి 15,000 చుట్లతో వచ్చే ఇరుసును ఈ గేర్‌బాక్సు 192కి దించుతుంది. అంత తగ్గింపులో పళ్ల మీద పడే ఒత్తిడి మీకు చెప్పనక్కరలేదు. నూనె దారిలో అయస్కాంతం ఉన్న ప్లగ్ పెడతారు. ఉక్కు రజను దాని కొనల మధ్య చేరి వంతెన కడితే కరెంటు పారి, పైలట్ ముందు దీపం వెలుగుతుంది. ప్లగ్ విప్పి చూసినప్పుడు బూడిదలాంటి నూగు అయితే మామూలు అరుగుడు. మెరిసే రేకు ముక్కలు, పొలుసులు కనబడితే బేరింగు పెచ్చులూడుతోందని అర్థం, యంత్రం అక్కడే ఆగిపోతుంది. కొత్త రకాల్లో కంపనాన్ని ఎప్పటికప్పుడు కొలిచి నమోదు చేసే వ్యవస్థ కూడా ఉంటుంది.

రెక్కకు చేసిన ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది. ఎంఐ-17 లోహపు రెక్కకు వెన్నెముక లోపల బోలుగా ఉండే అల్యూమినియం దూలం. అందులో ఒత్తిడితో గాలి నింపి మూసేస్తారు. ఎక్కడ వెంట్రుకవాసి పగులొచ్చినా గాలి కారి, రెక్క మొదట్లో ఉన్న చిన్న బుడిపెలో ఎర్ర రంగు పైకి కనబడుతుంది. ప్రయాణానికి ముందు నిచ్చెనెక్కి ఐదు రెక్కల మొదళ్లూ కంటితో చూడాల్సిందే. ఎండకు, చలికి గాలి ఒత్తిడి మారుతుంది కాబట్టి నింపేటప్పుడు ఆనాటి ఉష్ణోగ్రత చూసి నింపుతారు.

మన దుమ్ముకు ముందు దెబ్బతినేవి రెక్క ముందంచు, ఇంజను కంప్రెసర్ పళ్లు. ఇంజన్ల ముందు పుట్టగొడుగు గొడుగుల్లా కనబడేవి దుమ్మును పక్కకు విసిరేసే పరికరాలే. ఈ పని నేర్చుకోవాలనుకునే పిల్లలుంటే, ఇంటర్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) గుర్తింపు ఉన్న సంస్థలో చేరాలి. టర్బైన్ హెలికాప్టర్లకు ఉద్దేశించిన లైసెన్సు విభాగం బి1.3.

ప్రశ్న: 2021 నవంబరు 19న చిత్రావతిలో జేసీబీ మీద చిక్కుకున్న 10 మందిని హెలికాప్టర్ కాపాడింది. అలాంటప్పుడు కింద ఉన్నవాళ్లు ఏం చేయాలి? (రైతు, చెన్నేకొత్తపల్లి)

జవాబు: ముందు, చుట్టూ తేలికగా ఉన్నవన్నీ విప్పి కాళ్ల కింద పెట్టుకోండి. గొడుగు, పట్ట, తువ్వాలు అన్నీ. హెలికాప్టర్ నెత్తి మీదికి రాగానే ఈదురుగాలి, నీటి తుంపర వచ్చి కళ్లు తెరవలేరు. కూర్చుని ఒకరినొకరు పట్టుకోవాలి. వించి రకాన్ని బట్టి 150 నుంచి 300 కిలోల దాకా ఎత్తుతుంది, కాబట్టి ఒకరు లేదా ఇద్దరే వెళ్లగలరు. ఎవరు ముందో కిందే తేల్చుకోండి, పిల్లలూ కాలు విరిగినవాళ్లూ ముందు. చంకల కిందుగా పట్టీ వేశాక చేతులు పైకెత్తకూడదు, ఎత్తితే పట్టీలోంచి జారిపోతారు. తీగను జేసీబీకో చెట్టుకో ఎట్టి పరిస్థితిలోనూ కట్టవద్దు, చుట్టవద్దు. అలా చేస్తే పైనున్న యంత్రాన్ని నేలకు కట్టేసినట్టే, సిబ్బంది తీగ కోసేయాల్సి వస్తుంది.

ఇంకొక్కటి. తిరిగే రెక్కలు గాలిని రాసుకుని హెలికాప్టర్ ఒంట్లో విద్యుత్తు చేరుతుంది. కొక్కెం దిగుతుండగా చెయ్యి చాచి అందుకుంటే గట్టి షాకు కొట్టి మనిషి నీళ్లలో పడవచ్చు. కొక్కేన్ని ముందు నీటికో నేలకో తగలనివ్వండి, ఆ తర్వాత పట్టుకోండి.